నాలుకకు తగులుతోందా?

బస్సు కండక్టరుగా ఉన్నన్నాళ్లూ ఎవరితోనో ఒకరితో తగువు పడనిదే ఆయనకు పొద్దుగూకేది కాదు. రిటైరయ్యాడు, భార్యా పోయింది. ఇప్పుడు ఇంట్లో ఈగ వాలినా వినిపిస్తుంది.

విరిగిన దవడపన్ను మీద డాక్టరమ్మ పోయిన వారం ఆన్‌లే అతికించింది. ఊడిన ముక్క కొలతకు చేయించిన పింగాణీ తొడుగు అది. ఇవాళ పళ్లు సరిగ్గా ఆనుతున్నాయో లేదోనని నీలం కాగితం కొరికించి చూసింది.

"నమలడానికి ఇబ్బంది లేదు. మాట్లాడేటప్పుడు నాలుకకు తగులుతోందా, బాబాయ్‌గారూ?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. వారమంతా ఎంత తవ్వుకున్నా ఎవరితోనూ మాట్లాడినట్టు గుర్తురాలేదు.

"ఉండమ్మా, ఇప్పుడే చూసి చెప్తా" అని గోడవైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"టికెట్, టికెట్! గుమ్మంలో నిలబడతారేంటయ్యా, లోపలికి జరగండి! లోపలంతా ఖాళీయే!"