ఆమె రాసిన మెయిళ్లు

హోసూరు ఫ్యాక్టరీలో నాకు కంప్యూటర్ పని నేర్పిన సీనియర్‌ది డెంకణికోట. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు ఆ చెయ్యే కనబడుతుంది. ఏ మెషీన్ మొరాయించినా దాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నట్టు కాసేపు ఊరుకునేవారు.

ఒక ఉదయం కరెంటు పోయి వచ్చాక మెయిల్ సర్వర్ డేటాబేస్ స్టార్ట్ కాలేదు. చూస్తే బ్యాకప్ కూడా పనికిరాకుండా ఉంది. చెడిపోయిన భాగాలు తీసేస్తే తప్ప అది లేవదు, తీసేస్తే వాటిలోని మెయిళ్లు పోతాయి.

"ఏవి పోతాయన్నా?" అని అడిగినాను.

"అది ముందుగా చెప్పదప్పా. అయినాకనే తెలిసేది."

అదే ఆఫీసులో పనిచేసిన ఆయన భార్య అంతకు ముందు నెలే చనిపోయింది. పక్క గదిలో కూర్చుని ఆమె ఆయనకు రాసిన మెయిళ్లన్నీ ఆ సర్వర్‌లోనే ఉన్నాయి. పైనుంచి మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆయన చాలాసేపు సర్వర్ మీది చెయ్యి తీయలేదు. చివరికి ఎంటర్ నొక్కారు.

మధ్యాహ్నానికి అందరి మెయిళ్లూ తెరుచుకున్నాయి. ఆయనకు ఆమె రాసినవి కూడా పేరుతో, తేదీలతో వరసగా కనిపించాయి. కానీ ఏది తెరిచినా లోపల ఒక్క అక్షరం లేదు.

భోజనానికి పిలిచినాను. తెల్లటి తెర మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నారు:

"నువ్వు పోప్పా. ఇంకా కొన్ని ఉండాయి, చదివి వస్తా."