దసరా పూట ఎత్తని చెయ్యి

మా ఆయన పోయారు. పోయిన మంగళవారం పొద్దున, నాంపల్లిలో మా ఇంటి వరండాలో, గడ్డం గీసుకుంటూ. ఛాతీలోని బ్యాటరీ గరగరమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. డాక్టరు వచ్చి చూసి, ఇది మెకానిక్కు చూడాల్సిన కేసు అన్నాడు. మెకానిక్కు వచ్చి, ఇది డాక్టరు పని అన్నాడు. వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే నేను ఆయన చెంప మీద సబ్బు నురగ తుడిచాను.

ఆబిడ్స్‌లో కుట్టుమిషను బాగుచేయించుకున్న పాఠకులకు ఆయన తెలిసే ఉంటారు. కుడిచెయ్యి భుజం దాకా ఉక్కు, ఛాతీ సగం యంత్రం, మిగతాదంతా మామూలు మనిషి. ఊరి బయట ఒక కార్ఖానా ఉండేది. ప్రమాదాల్లో చితికిపోయిన వాళ్ళని తీసుకెళ్ళి, ఇనుము అతికించి బతికించి, పారిపోయిన మనుషుల్ని పట్టి తెచ్చే పనికి కిరాయికి ఇచ్చేవారు. ఆ చెయ్యి చేసింది తలుపులు, ఎముకలు విరవడానికే.

అలా ఆయన్ని నా మీదికి పంపారు. మాకు పెళ్ళిచూపులంటూ జరిగితే అవే.

దాచాల్సిన అవసరం తీరిపోయింది కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు నేను తెనాలి దగ్గర ఒక రైసుమిల్లులో బస్తాల మీద నంబర్లు రాసే పని చేసేదాన్ని. ఒకరోజు మిల్లు యజమాని నన్ను గోదాములోకి లాగి తలుపేశాడు. బస్తాలెత్తే ఇనుప కొక్కెం చేతికి దొరికింది. అది అతని మెడలో దిగింది, మళ్ళీ బయటికి రాలేదు. అక్కడే వదిలేసి, నెత్తుటి చీర మీద ఇంకో చీర చుట్టుకుని రైలెక్కాను. అతనికి ఇద్దరు తమ్ముళ్ళు. పోలీసులకు చెబితే అన్న సంగతి బయటపడుతుందని, నన్ను ప్రాణాలతో తెస్తే తామే మిల్లు బాయిలర్లో వేస్తామని శపథం పట్టి, కార్ఖానాకు కిరాయి కట్టారు.

నాంపల్లి స్టేషను ఎదుట సత్రంలో ఉండగా గది తలుపు ఊడొచ్చి నా మంచం మీద పడింది. దాని వెనక ఆయన. జుట్టు పట్టుకుని లేపారు. అందిన చెయ్యి కొరికాను, పళ్ళకు రక్తం తగిలింది.

“గా చెయ్యి కొరుకుతవేంది? గిది కొరుకు, దీనికి నొప్పి ఉండది,” అని ఉక్కుచెయ్యి చాపారు.

“నొప్పి లేనిచోట కొరికితే నాకేం లాభం?” అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. విరిగిన తలుపు మీదే కూర్చుని, “ఎందుకు సంపినవ్?” అని అడిగారు. అంతా చెప్పాను. మధ్యలో ఒక్కమాట అడ్డం రాలేదు. చివర్లో అన్నారు: “గిన్ని ఏండ్లల్ల ఎవర్ని పట్కపోయినా ఎందుకని అడగలే. అడుగుతే పట్కపోయేటోన్ని గాదు.”

మర్నాడు నన్ను తీసుకెళ్ళడానికి తమ్ముళ్ళ మనుషులిద్దరు రైలు దిగారు. ఆయన ప్లాట్‌ఫాం మీదే ఒకడి మోకాలు వెనక్కి విరిచారు. రెండోవాడు కత్తి తీస్తే, కత్తితో సహా ఆ పిడికిలిని తన పిడికిట్లో నొక్కారు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి పట్టాల మీద పడింది. నాకు జాలి కలగలేదు. ఆయన మాత్రం కుళాయి దగ్గరికి వెళ్ళి భళ్ళున వాంతి చేసుకున్నారు. ఆ వాంతి చూసే నేను ఆయన వెంట నడిచాను. ఆ ఏడే కార్ఖానా మూతపడింది. ఆయన్ని వెనక్కి రమ్మనేవాళ్ళు లేకపోయారు.

ఆయన అలవాట్లు చెబితే నవ్వొస్తుంది. ఆదివారం ఆదివారం బ్యాటరీల దుకాణానికి వెళ్ళి, లారీ బ్యాటరీల మధ్య బల్ల మీద కూర్చుని, ఛాతీకి వైరు తగిలించుకుని పేపరు చదివేవారు. చాయ్ ఎడమచేత్తోనే తాగేవారు. నన్ను తాకినా ఎడమచేత్తోనే.

“ఆ చెయ్యీ మీదేగా,” అన్నానొకసారి.

“వద్దే. ఎంత గట్టిగ పట్టాల్నో దానికి తెల్వది.”

“నేర్పుతాను. ముందు వంకాయ పట్టుకోండి.”

నెలరోజులు వంకాయలన్నీ చితికిపోయాయి, నెలరోజులూ మా ఇంట్లో వంకాయ పచ్చడే. ఒక మధ్యాహ్నం వంకాయ చెక్కుచెదరకుండా ఆయన చేతిలో నిలిచింది. దాన్ని పక్కన పెట్టి అదే చేత్తో నా చెంప తాకారు. చల్లగా ఉంది. నేను ఏడ్చాను. నన్నంత జాగ్రత్తగా ఇంకెవరూ ముట్టుకోలేదు.

దసరాకి మా కుట్టుమిషన్ల దుకాణంలో పనిముట్లన్నీ కడిగి వరసగా పేర్చి పూజ చేసేవాళ్ళం. ఆయుధపూజ మా వైపూ ఉంది. కానీ ఆ వరస చివర ఒక మనిషి కూర్చుని, తన చెయ్యి కూడా చాపడం నేనెక్కడా చూడలేదు. సుత్తికీ కత్తెరకీ పెట్టినట్టే ఆ చేతికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టేదాన్ని. పూజ చేసిన పనిముట్టు ఆ రోజు ముట్టకూడదు. ఆయన ఆ చేత్తో ఈగను కూడా తోలేవారు కాదు.

“ఏడాదంత గిది చెప్పినట్ల నేను ఇన్న,” అనేవారు. “ఇయ్యాల ఒక్క దినం నేను చెప్పినట్ల గిది ఇంటది.”

అరవైల నడుమ ఒక దసరా సాయంత్రం. జనం దుకాణం దుకాణం తిరుగుతూ జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుంటున్నారు. ఈ ఊళ్ళో ఆ పూట ఆకు ఇచ్చినవాణ్ణి ఎవరు నువ్వని అడగరు. అడగడమే తప్పు. నేను లోపల పళ్ళెంలో గారెలు సర్దుతున్నాను. ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకడు ఆకు ఇచ్చాడు, ఆయన లేచి కౌగిలించుకున్నారు. కౌగిలిలోనే కత్తి దిగింది. రెండుసార్లు.

నేను బయటికొచ్చేసరికి ఆయన పనిముట్ల పక్కన కూలబడి ఉన్నారు. మిల్లు యజమాని పెద్ద తమ్ముడు ఇనుప రాడ్డుతో కొడుతున్నాడు. నెత్తి పగిలింది. అడ్డం పెట్టిన ఎడమచేతి వేళ్ళు నుజ్జయ్యాయి. ఉక్కుచెయ్యి మాత్రం బంతిపూలతో ఒళ్ళో అలాగే ఉంది.

“చెయ్యెత్తండి! చంపేస్తున్నారు, చెయ్యెత్తండి!” అని అరిచాను.

“ఇయ్యాల గాదే,” అన్నారు, నోట్లో రక్తంతో.

అప్పుడు వాడు నా జుట్టు పట్టుకున్నాడు. నేను వంగి పూజలో ఉన్న సుత్తి తీసి వాడి కణత మీద కొట్టాను. ఒకసారి సరిపోయేది. మూడుసార్లు కొట్టాను. వాడు బంతిపూల మీద పడి కాళ్ళు తన్నుకుని ఆగిపోయాడు. చిన్న తమ్ముడు చెప్పులు వదిలేసి పారిపోయాడు.

పోలీసులు వచ్చేలోపు ఆయన సుత్తి తుడిచి వరసలో పెట్టమన్నారు. నేను ఒప్పుకోలేదు, నేనే కొట్టానని చెబుతానన్నాను.

“గా మిల్లు సంగతి గూడ బయటికొస్తది, నిన్ను ఉరి తీస్తరు. నన్ను జైల్ల వేస్తరు, గంతే. నేను సచ్చేదాంక నోరు తెరువకు. ఒట్టు,” అని, శవం పక్క రక్తంలో ఉక్కుచెయ్యి ముంచి, “నేనే కొట్టిన,” అని వాళ్ళకు చూపించారు. ఎవరూ అనుమానించలేదు. అంత దెబ్బ ఆ చెయ్యి కాక ఇంకేది కొడుతుంది? ఏడేళ్ళు జైల్లో ఉన్నారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా వంకాయల ధర అడిగేవారు.

నా ప్రాణం కోసం, ఆ చెయ్యి తన మాట విన్న ఆ ఒక్క రోజునీ ఇచ్చేశారు. నేను తీసుకున్నాను. బతకాలనిపించింది, తీసుకున్నాను. అందుకు సిగ్గుపడుతున్నాను.

మొన్న చిన్నదినం రోజున ఆబిడ్స్ దుకాణదారులందరూ వచ్చారు. అందరి నోటా ఒకటే మాట, దసరా నాడు ఇనుపాయన ఒక్క గుద్దుతో పుర్రె పగలగొట్టాడని. మెచ్చుకుంటూనే అన్నారు. నేను విస్తరి మడిచి లేచాను.

ఈ చివరి మాటలు ఠాణాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇన్‌స్పెక్టరు భోజనానికి వెళ్ళారట. ఇందాక ఒక కుర్ర కానిస్టేబులు మంచినీళ్ళు తెచ్చాడు.

“నువ్వు ఇనుపాయన పెండ్లానివి గదా అమ్మా? గా దసరా నాడు ఆయన కొట్టిన దెబ్బ సంగతి మా నాయన ఇప్పటికీ చెప్తడు.”

“ఆయన కొట్టలేదు బాబూ,” అన్నాను. “నేను కొట్టాను.”

అతను గ్లాసు నాకు ఇవ్వడం మరిచిపోయి, నా చేతుల వంక చూస్తూ నిలబడ్డాడు.