బేగంపేట నుంచి బొంబాయికి

పాలకుర్తి సులోచనమ్మకు చెల్లెలు విజయలక్ష్మి అంటే ప్రాణం. తల్లి పోయాక తల దువ్వి, ముద్దలు పెట్టి పెంచింది తనే. పెళ్లయి విజయ బొంబాయికి కాపురం వెళ్లినప్పుడు చాలా రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

1969 ఎండాకాలంలో విజయ భర్త విద్యాసాగర్ టెలిగ్రాం ఇచ్చాడు. రెండో కాన్పు కష్టమైంది, అక్కను అడుగుతోంది, వెంటనే రండి.

సులోచనమ్మ భర్త మహిపాల్ రెడ్డి వెంటనే అన్నాడు: "తెలంగాణ గొడవలకు రైళ్లు సక్కగ నడుస్తలేవు. బేగంపేట పోయి విమానమెక్కుదాం."

"విమానమా? నాతోని గాదు. గాలిల ఏమన్నయితే ఎవలు పట్టుకుంటరు?"

"ఏంగాదే. శానమంది పోతున్నరు."

"నన్ను సంపినా ఎక్క. రైల్లనే పోదాం."

ఆమె భయం చూసి ఆయన మరి బలవంతం చేయలేదు. జనగామలో రైలెక్కారు. సికింద్రాబాదులో బొంబాయి బండి దొరికింది గానీ, కొంత దూరం పోయాక పట్టాల మీద విద్యార్థులు బైఠాయించారు. చిన్న స్టేషన్‌లో బండి సాయంత్రం దాకా కదలలేదు. కదిలాక కూడా ఎక్కడికక్కడ ఆగుతూనే పోయింది. సులోచనమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని మొక్కని దేవుడు లేడు.

బొంబాయిలో ఇంటి ముందు విద్యాసాగర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"నిన్ననే అంతా అయిపోయింది వదినా. బిడ్డ గూడ దక్కలే. అక్క ఏ బండికొస్తదని అడుగుతనే ఉండె."

ఊరికి వచ్చాక పలకరించిన వాళ్లందరికీ సులోచనమ్మ రైలు ఆపిన సంగతే చెప్పింది. విమానం మాట ఎవరైనా ఎత్తితే, "అదైనా పొద్దంత పడ్తదంట" అనేది. మొదట ఊరికే అన్న మాటే. అనగా అనగా తనే నమ్మింది. పక్కనున్న మహిపాల్ రెడ్డి ఎన్నడూ కాదనలేదు.

1985లో విజయ మొదటి కాన్పు కూతురు కమలాదేవికి బొంబాయిలో పెళ్లి కుదిరింది. అప్పటికి మహిపాల్ రెడ్డికి ఆపరేషన్ అయింది. రైల్లో అంత సేపు కూర్చోవద్దన్నారు డాక్టర్లు. ఆయన కోసం సులోచనమ్మ విమానం ఎక్కింది.

కళ్లు గట్టిగా మూసుకుని చాలా సేపు ఆయన చెయ్యి వదల్లేదు. తర్వాత ఎవరో చాయ్ తెచ్చిచ్చారు. అది తాగుతుండగానే మైకులో ఏదో చెప్పారు.

"ఏమంటుండ్రు?"

"బొంబాయి వచ్చిందంట. బెల్టు పెట్టుకోమంటుండ్రు."

"గిప్పుడే గదా ఎక్కినం!"

"నాలుగు వందల మైళ్లు గూడ లేదు. గంట, గంటంబావు."

సులోచనమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మీకు గప్పుడు గూడ ఎర్కనేనా?"

"ఎర్కే."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతిరి?"

"చెప్తే నువ్వు బతుకుదువా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విమానం నేలకు తాకింది కూడా ఆమెకు తెలియలేదు.

పెళ్లికి ముందు రోజు కమలను పక్కకు పిలిచింది. "బిడ్డా, రైలు ఆపిన్రని చెప్పిన గదా. అది నిజమే. గని విమానమెక్కుంటే మీ అమ్మను జూద్దును. భయపడి నేనే ఎక్కలే."

కమల చేతులకు గోరింటాకు ఉంది. ఎండిన పెచ్చు ఒకటి గిల్లి పడేసింది. తల్లి పోయినప్పుడు ఐదేళ్ల పిల్ల అయినా ఆ రోజులు మరిచిపోలేదు.

"దవాఖానల అమ్మ తలుపు దిక్కే చూస్తుండె పెద్దమ్మా" అంది మెల్లగా.

ఆ మాటలో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది సులోచనమ్మకు.