చిన్నాయన చిరునామా

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నియమాలు రాసేవారిలో మా చిన్నాయన ఒకడు. ఆ పత్రాల చివర రాసినవారి చిరునామా వేస్తారు. మిగతావాళ్లు ఆఫీసుది ఇచ్చేవారు. ఆయన మాత్రం బొంబాయి కామాటిపురలో తానుండే గల్లీ నంబరు, చాల్ అనే పాత గదుల మేడలో మూడో అంతస్తు ఖోలీ, ఇంటి ఫోను ఇచ్చేవాడు.

"ఇల్లెందుకు చిన్నాయనా?" అని ఒకసారి అడిగాను.

"తప్పు రాస్తె తిట్టెటోనికి ఇల్లు తెల్వద్దారా?" అని నవ్వాడు. ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసినా లేచి నిలబడే మాట్లాడేవాడు.

ఆయన పోయాక కూడా ఫోన్లు ఆగలేదు. ఎవరో ఒకరు ఆయన ఉన్నాడా అని అడిగేవారు. చిన్నమ్మకు అన్నం సయించడం లేదు.

"లేడని ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా? చెప్పినప్పుడల్ల మల్ల పోతున్నడు. ఆ నంబర్ తీసెయ్యమను," అంది.

అచ్చయిన పత్రాన్ని మార్చరు. దాని స్థానంలో కొత్తది రాబోతోంది. అందులోనైనా తీసేయాలంటే రాసినవాడే అడగాలట. అందుకని ఆయన మెయిల్ తెరిచి, అవి తీసేయమని ఆయన పేరుతోనే నేను రాశాను. తప్పని తెలుసు.

మర్నాడే జవాబు వచ్చింది. చిన్నమ్మకు తెలుగులో చెప్పాను: "మీ నుంచి కబురు వచ్చినందుకు సంతోషం. పాత చిరునామా, ఫోను తీసేశాం. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో రాయండి."

లాప్‌టాప్ మూయబోయాను. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అడిగిండ్రు గద, రాయి బిడ్డా," అంది. "నాక్కూడ తెలుస్తది."