తెలిసీ చెప్పని జవాబు

నాకు నోరు మూసుకోవడం చేతకాదు. ఈ మాట ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారు, గుడివాడలో నా ఆదివారం క్లాసులకి వచ్చేవాళ్లు మరీ ఒప్పుకుంటారు. దూరవిద్యలో డిగ్రీ చదివే వాళ్లంతా నలభైకి కాస్త అటూ ఇటూ. వాళ్లలో ఒక బస్సు కండక్టరుగారికి ప్రమోషన్ ఆశ చూపించీ, మిగతావాళ్లని హాజరూ ఇంటర్నల్ మార్కులూ అని బెదిరించీ, ఏళ్ల తరబడి అందరిచేతా కెమిస్ట్రీ కషాయంలా తాగించేదాన్ని.

పెడన నుంచి వచ్చే ఒకావిడ దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు. కలంకారీ అచ్చులు వేస్తారు. ఒక ఆదివారం భోజనాల వేళ, తన పేరు తీసేయమని దరఖాస్తు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"బట్టీపట్టడానికి ఇంత దూరం ఎందుకండీ మేడం?"

డిగ్రీ వల్ల లాభాల మీద నా పాత ఉపన్యాసం అందుకున్నాను. ఆవిడ మర్యాదగా విని బాక్సు మూత పెట్టేశారు. నాకు భలే ఉక్రోషం వచ్చింది. ఇక చెప్పడానికేమీ మిగలక, గోళ్లెందుకంత నల్లగా ఉన్నాయని అడిగాను. అచ్చుల రంగు అన్నారు. పాత ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో వారాల తరబడి నానేస్తారట. గుడ్డని ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారట. దాని మీద ఆ ఇనప నీళ్లతో అచ్చు వేస్తే నలుపు తేలుతుందట. చెప్తూ చెప్తూ ఆగిపోయారు.

"ఆ నీళ్లూ నల్లగా ఉండవు, గుడ్డా నల్లగా ఉండదు. మరి నలుపెక్కణ్నుంచి వస్తుందండీ? ఇరవై ఏళ్లుగా వేస్తున్నాను, ఎప్పుడూ ఆలోచించలేదు."

జవాబు నా నాలిక చివరే ఉంది. కానీ ఆవిడ తన గోళ్లకేసి కొత్తగా చూసుకుంటున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. నాకూ సరిగ్గా తెలీదని అబద్ధమాడి, పై ఆదివారం ఆ సరుకు పట్టుకురమ్మన్నాను. దరఖాస్తు మీద సంతకం ఆ తర్వాతే అన్నాను.

వచ్చారు. ల్యాబంతా పులిసిన బెల్లం కంపు. కరక్కాయ పెట్టిన గుడ్డనీ, పెట్టని గుడ్డనీ పక్కపక్కన పరిచి అచ్చు గుద్దారు. ఒకటి నల్లబడింది, రెండోది తుప్పు రంగులో ఉండిపోయింది. కండక్టరుగారు భోజనం మర్చిపోయారు. నేను హాజరు మర్చిపోయాను. అప్పుడావిడ సంచిలోంచి మూడో గుడ్డ తీశారు. ఎవరూ చెప్పకుండానే, ఇంట్లో టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి తెచ్చారట. అచ్చు పడగానే అదీ నల్లబడింది.

"కరక్కాయలో ఉన్న వగరే టీలోనూ ఉందండీ. అది ఇనుముతో కలిస్తే నలుపు" అన్నారు.

ఆ బల్లెక్కి గంతులేయాలనిపించింది. నా సంతోషం చూసి ఆవిడకి అనుమానమొచ్చింది.

"మీకు ముందే తెలుసు కదండీ?"

దొరికిపోయిన దొంగలా తలూపాను.

"అయితే మా అచ్చుల్లో ఎరుపెలా వస్తుందో కూడా చెప్పకండి మేడం. నేను చూసుకుంటాను."

దరఖాస్తు ఇచ్చేయమన్నారు. చింపేస్తారనుకుని పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చాను. ఆవిడ దాన్ని తిరగేసి, ఖాళీ వైపు మూడు గుడ్డల సంగతీ రాసుకోవడం మొదలుపెట్టారు.