ఉట్టి మీది గుమ్మడికాయ

మొన్న మా కోడలు కామారెడ్డి మార్కెట్ నుంచి గుమ్మడికాయ తెచ్చింది. కాయ అంటే కాయ కాదు, ప్లాస్టిక్ కాగితం చుట్టిన చిన్న ముక్క. ఏం కాలమొచ్చిందమ్మా, గుమ్మడికాయను కూడా సబ్బుబిళ్ళలా కొనుక్కోవలసి వచ్చింది అని గొణుక్కున్నాను గానీ, ఆ పసుపుపచ్చని ముక్కను చూడగానే ఎల్లారెడ్డి దగ్గరి మా పుట్టింటి పెరడు కళ్ళముందు నిలిచింది.

మా నాన్న దుబాయికి పోయిన ఏడే మా అమ్మ పెరట్లో, అంట్లు తోమిన నీళ్ళు పారేచోట గుమ్మడి గింజలు పెట్టింది. తీగ గోడెక్కి, పెంకుల మీద పాకి, మేము కలలో కూడా అనుకోనంతగా పూసింది. ఆకులకు పురుగు పట్టకుండా అమ్మ రోజూ పొద్దున్నే పొయ్యిలోని బూడిద చల్లేది. పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని నాయనమ్మ బెదిరిస్తే, నేనూ చెల్లెలూ వేలు మడిచి పిడికిలితో చూపించుకునేవాళ్ళం. అన్నిటికంటే పెద్దగా ఊరిన కాయను కోసి, ఉట్టిలో గడ్డి కుదురు పేర్చి భద్రంగా పెట్టారు.

నిండు గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలి, ఆడది కత్తి పెట్టరాదు, అది మా ఇళ్ళల్లో ఆచారం. పక్కింటి చిన్నాయన వచ్చి కొడతానన్నా నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఈ కాయ నా కొడుకే కొడ్తడు. వాడొచ్చేదాంక దించేది లేదు" అంది. ఇక రోజూ అన్నానికి కూర్చున్నప్పుడల్లా మేము ఉట్టి వైపు చూసి నాన్నను తలుచుకునేవాళ్ళం.

ఆ ఎండాకాలంలోనే, పనిచేసేచోట నాన్న కుప్పకూలి ప్రాణం విడిచాడని కబురొచ్చింది. శవం కూడా రాలేదు, అక్కడే సాగనంపారట. కర్మలన్నీ చేశాము. అయినా కళ్ళారా చూడని చావును నాయనమ్మ నమ్మలేదు, కాయను ముట్టనివ్వలేదు. ఆ ముసలి ప్రాణం దాని మీదే ఆశ పెట్టుకుని ఉందని తెలిసి అమ్మ కూడా ఉట్టి జోలికి పోలేదు.

వానలు పడ్డాక ఒకనాడు కాయ అడుగున నల్లటి మచ్చ కనిపించింది. అమ్మ చాలాసేపు చూసి, ఉట్టి దించి, కత్తి చేతిలోకి తీసుకుంది.

"అత్తా, కొట్టేటోడు ఇగ రాడు. కాయ కుళ్ళితే ఇత్తులు గూడ దక్కయి."

నాయనమ్మ అరుస్తుందనుకున్నాను. మెల్లగా వచ్చి కింద కూలబడి, కాయ దొర్లిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. "కొట్టు బిడ్డా" అంది. అమ్మ కొట్టింది. నాన్న పోయాడని మా ఇంట్లో అందరమూ నమ్మింది ఆ దెబ్బతోనే. అత్తాకోడళ్ళు కాయ మీద పడి ఏడ్చారు. మచ్చపడిన భాగం తీసేసి ఆ పూట కూర వండారు. తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నందుకే నాకు ముద్ద దిగలేదు.

ఆ గింజలను అమ్మ బూడిదలో కలిపి ఎండబెట్టి దాచింది. ఏటేటా వాటి సంతానాన్నే నాటింది, ప్రతి కాయనూ తనే కొట్టింది. ఇక్కడ మా ఇంటి వెనక జానెడు జాగాలో ఇప్పుడు పాకుతున్నదీ ఆ తీగే, ఈ ఏడు ఇంకా కాయ ఊరలేదు.

ఆడది కొట్టరాదన్న మాట పోయింది, పోవలసిందే, నాకేం బాధ లేదు. ముక్కలు కొనుక్కునే ఈ రోజుల్లో ఒక కాయను ఒక మనిషి కోసం ఆపి ఉంచడమంటే ఏమిటో మా కోడలికి ఎట్లా చెప్పాలో మాత్రం తెలియదు. మా పెరటి కాయను ఏటా నేనే కొడతాను. కత్తి ఎత్తాక, ఎందుకో, ఒక్కసారి వాకిలి వైపు చూస్తాను.