జమ్ము పక్కన మంచె

మా నాయన ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనా గీతలు మానలేదు. చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా ప్లాను కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగ్ కాగితం మీదికి ఇంకుతో దించే పని నాది. పోలియో వల్ల చిన్నప్పటి నుంచీ నా ఎడమ కాలికి ఇనప పట్టీల బూటు. మా వీధిలో బడి మేడ మీద నడిచేది, అందుకని నా చదువంతా ఇంట్లోనే సాగింది. అక్షరాలూ ప్రార్థనా అమ్మ నేర్పింది. లెక్కలూ గీతలూ నాయన నేర్పాడు. అమ్మ పోయాక ఇద్దరమే మిగిలాం. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, ఆయన్ని నాకిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకోకుండా ముద్ద ఎత్తేదాన్ని కాదు.

తొంభైల చివర్లో మా నగరం శివార్లలో, కుందలహళ్ళి వైపు కంప్యూటరు ఆఫీసులు లేస్తున్నాయి. ఆ దాపునే ఉన్న ఒక చెరువును కాపాడుకోవాలని కొందరు సంఘం పెట్టుకున్నారు. దాని సెక్రటరీ కన్నడాయన, బ్యాంకులో రిటైరైనవాడు. పక్షుల్ని చూడడానికి గట్టు మీద ఒక టవరు కావాలి, డిజైను చేసివ్వమని ఒక ఆదివారం నాయనను అడగడానికి వచ్చాడు. నాయనకు నవ్వొచ్చింది.

"మా తాత జొన్నచేన్లో పిట్టల్ని తోలేదానికి మంచె ఎక్కేవాడు సార్. మీరేమో పిట్టల్ని చూసేదానికి మంచె కట్టమంటాండారు."

"కాలం మారిపాయె కదప్పా," అన్నాడు సెక్రటరీ, ఆయనా నవ్వుతూనే.

మర్నాటి నుంచి నాయన ఇళ్ళ ప్లాన్లన్నీ పక్కన పెట్టేశాడు. ఆటోలో నన్నూ చెరువుకు తీసుకుపోయేవాడు. గట్టు మీద నన్ను స్టూలు వేసి కూర్చోబెట్టి, తాను టేపు పట్టుకుని తిరిగేవాడు. ఒడ్డు పొడుగునా మనిషెత్తు జమ్ము గడ్డి ఉండేది. అందులోంచి నీలంరంగు నీటికోళ్ళు ఎర్రటి ముక్కు బయటపెట్టి, నన్ను చూసి మళ్ళీ లోపలికి పోయేవి. నాకు కనబడేది అంతే. జమ్ము అవతలి నీళ్ళూ, వాటి మీది గుంపులూ పైకెక్కితేనే కనబడతాయట.

నాయన గీసిన మంచె పది అడుగుల ఎత్తు. సరుగుడు కొయ్యల కాళ్ళు, పైన చెక్క పలకలు. కదిలే మనుషుల్ని చూసి పక్షులు బెదరకుండా ముందువైపు తడిక, ఆ తడికలో కళ్ళు ఆనించి చూడడానికి సన్నటి సందులు రెండు వరసల్లో. కింది వరస పిల్లల కోసమనుకున్నాను. ఎక్కడానికి మెట్లు లేవు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల నడక వచ్చేలా పొడుగాటి వాలు దారి, మధ్య మధ్య ఆగడానికి చదును, పక్కన పట్టుకునే కర్ర. నేనేమీ అడగకుండానే, ముసలివాళ్ళు కూడా వస్తారు కదమ్మా అన్నాడు నాయన. ఎవరి కోసమో నాకు తెలిసింది. తెలియనట్టే ఇంకు పెన్ను కడుక్కున్నాను.

సెక్రటరీకి బొమ్మ నచ్చింది. కానీ ఆ వాలు దారి పోయే చోటే నీటికోళ్ళు గూళ్ళు పెట్టేది. అక్కడ జమ్ము కోయక తప్పదు. రెండో పక్క ఎవరిదో పట్టా భూమి. మీరెట్లా చెప్తే అట్లా చేద్దామని మర్యాదగా నాయనకే వదిలేసి వెళ్ళాడాయన. నాయన దారిని మడిచి చూశాడు, చుట్టూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మెత్తటి బురదలో కొయ్యలు నిలవవు. కొన్ని రోజులు రబ్బరు పొడి ఊదుకుంటూ అట్లాగే కూర్చుండిపోయాడు.

ఒక సాయంత్రం నేనే అన్నాను. "మెట్లు పెట్టెయ్ నాయనా. గూళ్ళు పోగొట్టి మనం చూసేదేముండాది?"

"నువ్వే చెప్తాండావా?"

"నేనే చెప్తాండా."

ఆయన రబ్బరు తీసుకుని వాలు దారి చెరిపేశాడు. నాకు ఆ పూట మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఆ చిన్న ప్రాణుల కోసం వదులుకోవడానికి నా దగ్గర కూడా ఒకటుందని తెలిసి, దానికీ స్తోత్రం చెప్పుకున్నాను. వదులుకునేది నేను. ఇంకెవరికీ పోయేదేమీ లేదు. అట్లాగే అనుకున్నాను.

మంచె తెరిచిన రోజు సంఘం వాళ్ళంతా ఒక్కొక్కరే ఎక్కారు. పైనుంచి నాయనను పిలిచారు. ఆయన నా స్టూలు పక్కనే నిలబడి, మోకాళ్ళ నొప్పులప్పా, మీరు చూడండి అన్నాడు. ఆయన మోకాళ్ళు నాకు తెలియవా? ఆ మంచెకు కావలసిన నట్లూ బోల్టులూ బళేపేట బజారులో అంగడి అంగడీ తిరిగి మోసుకొచ్చిన మనిషి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కోప్పడ్డాను, తానన్నా ఎక్కి చూసి వచ్చి నాకు చెప్పి ఉండొచ్చు కదా అని.

"నాకు పిట్టల సంగతి ఏం తెలుసు పాపా," అన్నాడు. "నువ్వు చూస్తాంటే పక్కన నిలబడి నిన్ను చూడాలనుకున్నా. కింది సందులు నువ్వు కూర్చునే ఎత్తుకే పెట్టినా."

అందులో నిష్ఠూరం లేదు. ఇంట్లో బ్రెడ్డు అయిపోయిందన్న సంగతి కూడా ఆ గొంతుతోనే చెప్పి, బేకరీ దగ్గర ఆటో ఆపించాడు. నేను ఆటోలోనే కూర్చున్నాను. గూళ్ళ గురించి ఆలోచించాను, నా గురించి ఆలోచించాను. ఆ వాలు దారి గీస్తున్నన్ని రోజులూ ఆయన ఏం చూస్తూ గీశాడో ఒక్కసారైనా అడగలేదు.

నాయన ఆ తర్వాత ఇంకా కొన్నేళ్ళు బతికాడు. దేవుడి దయ. మంచె మాత్రం ఎక్కలేదు. మేమిద్దరం చెరువుకు వెళ్ళడమే తగ్గిపోయింది.

ఆయన పోయిన మరుసటేడు చెరువు అభివృద్ధి అంటూ యంత్రాలు దిగాయి. జమ్మంతా పీకేసి ఒడ్డుకు రాళ్ళు పేర్చారు, నడిచేవాళ్ళకు దారి వేశారు. మంచెను మాత్రం అట్లాగే ఉంచారు. నీటికోళ్ళు ఎటు పోయాయో తెలియదు. సెక్రటరీ ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగినా ఆపలేకపోయాడు. పాపం, అన్నీ అయిపోయాక ఫోను చేశాడు. ఆయన గొంతు బాగా నీరసించింది.

"ఇప్పుడు ర్యాంపుకు జాగా ఉండాదమ్మా. మీ నాయన అప్పట్లో గీసినట్టే కట్టిద్దాం. నువ్వు ఎక్కొచ్చు."

"జాగా ఉండాది సార్. మా నాయన లేడు కదా," అన్నాను.

ఫోను పెట్టేశాక నా మాట కటువుగా పోయిందని మనసు పీకింది. మర్నాడు నేనే ఫోను చేసి, ముసలివాళ్ళకు పనికొస్తుంది, కట్టించండి, నేను గీసిస్తానన్నాను. గీసిచ్చాను. కట్టాక చూడడానికి మాత్రం పోలేదు. ఎందుకు రాలేదని ఆయన ఎప్పుడూ అడగలేదు. అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.